పీతలరేవులో మేం గెలిచిన యుద్ధం

పోయినేడాది వానాకాలం దాకా మా మొగలిదీవి యుద్ధంలో ఓడిపోయిన దీవిగానే ఉండేది. దానివల్ల మాకు పెద్ద ఇబ్బందేమీ లేదు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఒక తెల్లవారుజామున పరాయి సైన్యం పడవల్లో వచ్చి పీతలరేవు ఇసుకలో దిగింది. దీవిని ఏలుతున్న దొరలు ఆ సంగతి ముందే తెలిసి, ఉన్న ఒక్క స్టీమరూ ఎక్కి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ రేవులో కలప మోసేవాళ్ళకు మాత్రం పని ఆపొద్దని గట్టిగా చెప్పారు. వాళ్ళు ఆపలేదు. పదిహేడు మంది, అంతా శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. దిగిన సైనికులు ఆ పదిహేడు మందినీ ఒడ్డున నిలబెట్టి కాల్చేశారు.

యుద్ధం అయ్యాక మిగిలినవాళ్ళు చందాలు వేసుకుని ఒక నల్లరాయి నిలబెట్టి, దాని మీద పదిహేడు పేర్లూ చెక్కించారు. స్వతంత్రం వచ్చిన తర్వాత ప్రభుత్వం ఆ కుటుంబాలకు రేవు వెనక మెరక మీద ఇళ్ళస్థలాలు ఇచ్చింది. ఆ వాడని రాతిపేట అంటాం. దీవి చూడడానికి వచ్చేవాళ్ళు పీతలరేవు కూడా వచ్చి, అక్కడ సగం కూలిన పాత బంకరు పక్కన ఫోటో దిగి, రాయి దగ్గర చెప్పులు విప్పి కాసేపు నిలబడి, కొబ్బరిబొండం తాగి వెళ్ళిపోయేవారు.

నా పేరు జోగులు. దీవి మొత్తానికి మైకుసెట్టు నా దగ్గరే ఉంది. పెళ్ళయినా మీటింగయినా నేను వెళ్ళి వైర్లు లాగాల్సిందే. వైర్లు లాగేవాణ్ణి ఎవరూ మనిషిగా గుర్తుపెట్టుకోరు కాబట్టి అధికారులు నా ఎదట అన్నీ మాట్లాడేస్తారు. ఇప్పుడు చెప్పబోయేదంతా నేను అలా విన్నదీ, కళ్ళతో చూసిందీ.

పర్యాటక అనుభూతి విభాగం అని ఒకటి కొత్తగా పుట్టింది. దానికి ప్రత్యేకాధికారిగా సుధాంశుగారు వచ్చారు. మంచి చురుకైన మనిషి. పీతలరేవులో కాసేపు అటూ ఇటూ నడిచి, రాయి చుట్టూ తిరిగి, "ఇక్కడ వస్తువు ఉంది గానీ అనుభూతి లేదు" అన్నారు. నెల తిరక్కుండా అనుభూతి మొదలైంది. దాని పేరు తీరగాథ. రోజూ సాయంత్రం ఒడ్డున చెక్క గ్యాలరీలో కూర్చున్నవాళ్ళకు ఆనాటి యుద్ధం ఆడి చూపించాలి. పడవలు ఉన్నది ఇప్పుడు చేపలు పట్టి బతికే రాతిపేటవాళ్ళకే కాబట్టి శత్రుసైన్యంగా అక్కడి కుర్రవాళ్ళను పెట్టారు. వాళ్ళకు సేనాధిపతి సూరాడ రాజులు. అతని పడవ మోటారు ఒక్కటే పిలిస్తే పలుకుతుంది. చనిపోయే కూలీలుగా విభాగం పార్కులో పనిచేసే తోటమాలులను పెట్టారు. తుపాకీ చప్పుళ్ళు నా స్పీకర్లలోంచి వస్తాయి.

మొదట్లో జరిగింది జరిగినట్టే ఆడారు. పడవలు వచ్చేవి, తుపాకులు పేలేవి, తోటమాలులు ఇసుకలో పడేవాళ్ళు. జనం మాట్లాడకుండా లేచి, రాయి దగ్గరికి వెళ్ళి, మాట్లాడకుండా బస్సెక్కేవాళ్ళు. విభాగంవారి క్యాంటీన్‌లో ఐస్‌క్రీము ఎవరూ ముట్టుకోలేదు. ఒక పిల్ల ఏడుపు ఆపలేదని దాని తండ్రి టిక్కెట్టు డబ్బులు వెనక్కి ఇమ్మన్నాడు.

సుధాంశుగారు సమావేశం పెట్టారు. ప్రధాన భూమి నుంచి చారిత్రక సలహాదారు ఆచార్య కామేశంగారిని విమానంలో రప్పించారు.

"ప్రేక్షకుడు టిక్కెట్టు కొనుక్కుని ఓడిపోవడానికి రాడు" అన్నారు సుధాంశుగారు. "ముగింపు ప్రోత్సాహకరంగా లేదు. చరిత్రకు భంగం కలగకుండా దీన్ని ఏ మేరకు మెరుగుపరచవచ్చో సెలవివ్వాలి."

కామేశంగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "చరిత్ర అంటే జరిగినది కాదండీ. జరిగినదాని మీద పెద్దలకు కుదిరిన ఏకాభిప్రాయం. ఈ గదిలో ఏకాభిప్రాయం ఉన్న పక్షంలో నాకు శాస్త్రీయమైన అభ్యంతరం లేదు."

గదిలో ఏకాభిప్రాయం ఉంది. మొదట చావులు తగ్గించారు. పదిహేడు మందికి బదులు అయిదుగురు పడేవాళ్ళు. క్యాంటీన్‌లో కాస్త చలనం కనిపించింది. తర్వాత ఒక్కడే పడి, దెబ్బ తగిలిన కాలితో లేచి, జెండా పట్టుకుని నిలబడేవాడు. ఆ వారం ఐస్‌క్రీము అయిపోయింది. ఇక సుధాంశుగారిని ఆపడం ఎవరి తరమూ కాలేదు. తోటమాలులకు కొయ్య తుపాకులు ఇచ్చారు. గ్యాలరీలో కూర్చున్న పిల్లలకు కూడా అద్దెకు ఇచ్చారు. అందరూ కలిసి కాలిస్తే శత్రువులు నీళ్ళలో పడి, లేచి, పడవలెక్కి పారిపోవాలి. నేను విజయభేరి వెయ్యాలి.

"మా తాతని సంపినోడి యేసం కట్టినాను, సరే" అన్నాడు రాజులు నాతో, తడిసిన యూనిఫారం పిండుకుంటూ. "ఇప్పుడు ఆడు మన తోటమాలికి జడిసి పారిపోయినట్టు ఆడాలంట. మా తాతే జడిపించి ఉంటే నాను పుట్టకముందే పండగ సేసుకుందుము గదా."

"మానెయ్యకపోయావా?"

"సముద్రంలో ఏటీ తగల్తన్నేదు జోగులూ. ఇక్కడ ఓడిపోతే కూలొస్తంది."

అలా మా దీవి ప్రతి సాయంత్రం యుద్ధం గెలుస్తూ వచ్చింది. ఒక ఆదివారం ఆట అయిపోయాక, ప్రశ్నలడగమని సుధాంశుగారు నా మైకు జనంలోకి పంపించారు. రిటైరైన హెడ్మాస్టరొకాయన లేచి చాలా వినయంగా అడిగాడు. "మనం గెలిచాం, సంతోషం. మనవాళ్ళు ఒక్కరూ చనిపోలేదు, ఇంకా సంతోషం. మరి ఆ రాతి మీద ఉన్న పదిహేడు పేర్లూ ఎవరివండీ?"

గ్యాలరీ అంతా రాయి వైపు తిరిగింది. సుధాంశుగారు "మంచి ప్రశ్న" అని విజయభేరి మళ్ళీ వెయ్యమన్నారు.

మర్నాడే రెండో సమావేశం. ప్రదర్శనకూ రాతికీ పొసగడం లేదని, రెంటిలో ఒకదాన్ని సవరించక తప్పదని సుధాంశుగారు చెప్పారు.

"ప్రదర్శనకు ప్రభుత్వ మంజూరు ఉందా?" అని అడిగారు కామేశంగారు.

"ఉంది. మూడేళ్ళకు."

"రాతికి?"

"లేదండీ. స్థానికులు తమంతట తామే నిలబెట్టుకున్నారు."

"అయితే ఇందులో చర్చించవలసినది కనిపించడం లేదు. అధికారిక ఆధారం ఉన్నదే చరిత్ర. ఆ దినమున మరణములు సంభవించలేదు."

ఆ సాయంత్రం రాతికి నీలం టార్పాలిన్ కప్పి తాడుతో బిగించి కట్టారు.

రాతిపేటలో గనగళ్ళ పోలమ్మ అని ఉంది. ఎనభై దాటింది. ఆ రాతి మీద మొదటి పేరు గనగళ్ళ గురువులు, ఆమె తండ్రి. ప్రతి అమావాస్యకీ ఆమె అన్నం, వేపిన చేపా ఆకులో పెట్టుకుని వెళ్ళి, ఒక చుట్ట ముట్టించి ఆ రాతి ముందు ఉంచి, అది పూర్తిగా కాలేదాకా అక్కడే కూర్చుని వస్తుంది. ఆ నెల వెళ్ళేసరికి టార్పాలిన్ ఉంది. దాని ముందే ఆకు పరిచి, చుట్ట కాలేదాకా కూర్చుని, నేరుగా విభాగం ఆఫీసుకి వచ్చింది. త్వరలో జరిపే విజయోత్సవం గురించి అక్కడ మూడో సమావేశం, నేను మైకు సర్దుతున్నాను.

సుధాంశుగారు లేచి కుర్చీ చూపించారు. మర్యాదలో ఆయనకు వంక పెట్టలేం.

"కూర్చోండమ్మా. మీకొక శుభవార్త. మీ నాన్నగారు ఆనాడు మరణించలేదు."

పోలమ్మ కుర్చీ అంచున కూర్చుంది. "అలగా బాబూ. మరైతే ఏటైపోనాడు?"

"అది మా విభాగం పరిధిలోకి రాదమ్మా."

"ఇంటికి రానేదు గదా."

కామేశంగారు కళ్ళజోడు సవరించుకున్నారు. "మరణించినట్టు మీరు స్వయంగా చూశారా?"

"నాకు నాలుగేల్లు బాబూ. మాయమ్మ నన్నెత్తుకుని మడసెట్ల బురదలో కూకుంది. నానేడిస్తానని నోరు నొక్కీసింది. తుపాకులు ఇన్నాను."

"తుపాకుల శబ్దం మా ప్రదర్శనలోనూ ఉంది. అందులో ఎవరూ మరణించడం లేదు కదా?"

"పొద్దు వాల్నాక మాయమ్మ పీనుగుని కడిగింది. మంచినీల్లు నేక సముద్రం నీల్లతోటే కడిగింది. ఎంత కడిగినా సెవిలోన ఇసక పోనేదని, అది సచ్చేదాకా సెప్పుకుని ఏడిసేది."

కామేశంగారు గొంతు సవరించుకుని, "ఇది పరోక్ష సాక్ష్యం" అన్నారు. సుధాంశుగారు తల ఊపారు. టీ తెప్పించమని ఎవరితోనో చెప్పారు. టీ వచ్చేసరికి పోలమ్మ వెళ్ళిపోయింది.

ఆమె అడిగిన ప్రశ్న మాత్రం గదిలో ఉండిపోయింది. చనిపోకపోతే పదిహేడు మంది ఏమైనట్టు? చదువుకున్నవాళ్ళు కాబట్టి దాన్ని వదిలిపెట్టలేకపోయారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కామేశంగారికి సమాధానం తట్టింది. ఆ పదిహేడుగురూ రేవు పనిలో ఉన్నారు. ఆ రోజు తర్వాత పనిలో లేరు. మరణించనూ లేదు. కాబట్టి విధినిర్వహణలో ఉండగా అనుమతి లేకుండా దీవి విడిచి వెళ్ళిపోయినట్టు భావించాలి.

"అంటే యుద్ధ సమయంలో పలాయనం" అన్నారు సుధాంశుగారు, కొంచెం బాధగానే.

"పలాయితుల కుటుంబాలకు అమరుల కోటాలో ఇళ్ళస్థలాలు ఎలా చెల్లుతాయి?" అన్నారు కామేశంగారు.

చెల్లవు. నిజం చెప్పాలంటే, రాతిపేట ఖాళీ చేయించాలని అంతకుముందు వాళ్ళిద్దరిలో ఎవరికీ లేదు. తర్కం చెయ్యి పట్టుకుని ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్ళారు. వెళ్ళి చూస్తే అక్కడ టూరిస్టు బస్సులు నిలపడానికి చక్కటి చోటు కనిపించింది.

రాతిపేట నడిబొడ్డున నా మైకు పెట్టించి సుధాంశుగారే స్వయంగా ప్రకటన చదివారు. అనర్హులుగా తేలిన లబ్ధిదారులు విజయోత్సవం ముగిసిన వెంటనే నివాసాలు ఖాళీ చెయ్యాలని, విభాగం అందుకు చింతిస్తున్నదని. విజయోత్సవానికి పెద్దసారు, అంటే విభాగం మొత్తానికి పైఅధికారి, రాజధాని నుంచి వస్తున్నారని కూడా చెప్పారు.

ఆయన జీపు వెళ్ళిపోయాక రాజులు తన యూనిఫారం తెచ్చి పోలమ్మ గుమ్మం ముందు పడేశాడు. "ఇంక నానాడను మామ్మా. ఎవుడూ ఆడడు. పారిపోనోల మనవలం గదా, పడవలు గట్టీసి మేమూ పారిపోతాం."

పోలమ్మ ఆ యూనిఫారం తీసి, దులిపి, మడత పెట్టింది. "మానీడం కాదురా. ఆ పెద్దసారు ముందల ఆడండి. ఎలగ జరిగిందో అలగాడండి."

"మేం ఓడిపోకూడదా?"

"ఆ దినం ఆలు ఓడిపోనారేటి? వొచ్చినారు, సంపినారు. అంతే గదా."

విజయోత్సవం నాడు గ్యాలరీ కిటకిటలాడింది. పెద్దసారు మధ్య సోఫాలో కూర్చున్నారు. ఒక పక్క కామేశంగారు. సుధాంశుగారు నా మైకు తీసుకుని వ్యాఖ్యానం మొదలుపెట్టారు. దూరంగా పడవలు కనిపించాయి.

"అదిగో శత్రువు. మన వీరులు సిద్ధంగా ఉన్నారు. కాల్పులు ప్రారంభమయ్యాయి."

నేను తుపాకులు వేశాను. పిల్లలందరూ కొయ్య తుపాకులు ఎక్కుపెట్టారు. రోజూ అయితే ఆ మొదటి మోతకే నలుగురు నీళ్ళలో పడాలి. ఎవరూ పడలేదు. రాజులు మోకాటిలోతు నీళ్ళలో దిగి, ముందుకు నడవడం మొదలుపెట్టాడు. వెనకాల మిగిలినవాళ్ళు.

"శత్రువులు తడబడుతున్నారు" అన్నారు సుధాంశుగారు.

వాళ్ళు తడబడడం లేదు.

"శత్రువులు మరికొద్ది సేపట్లో తడబడగలరు."

నా వైపు చూశారు. నేను శబ్దం పెంచాను. రాజులు ఇసుకలోకి వచ్చేశాడు. సుధాంశుగారి నుదుటి మీద చెమట పట్టింది గానీ గొంతులో మర్యాద తగ్గలేదు. "ప్రదర్శకులకు విజ్ఞప్తి. కేటాయించిన స్థలాల్లోనే మరణించవలసిందిగా కోరుతున్నాము. ఇది చివరి విజ్ఞప్తి."

శత్రువులు గ్యాలరీ ముందున్న తోటమాలుల దగ్గరికి వచ్చి ఆగారు. శత్రువు ఒడ్డు దాకా వస్తే ఏం చెయ్యాలో తోటమాలులకు ఎవరూ నేర్పలేదు. వాళ్ళ పెద్ద, తెల్లమీసాలాయన, గొంతు తగ్గించి అడిగాడు. "ఏటి రాజులూ, నువ్వు కింద పడవా ఏటి?"

"పడను బావా."

ఆయన రాజులు మొహం చూశాడు. టార్పాలిన్ కప్పిన రాయి వైపు చూశాడు. కొయ్య తుపాకీ ఇసుకలో జాగ్రత్తగా పెట్టి, మొదట్లో నేర్చుకున్నట్టే మోకాళ్ళ మీద కూలి పక్కకి ఒరిగాడు. అతని వెనక ఇంకొకడు. ఒకడి తర్వాత ఒకడు పదిహేడు మందీ పడ్డారు. ఎవరూ చెప్పకుండానే నేను స్పీకర్లు కట్టేశాను. పిల్లలు తుపాకులు దించేశారు. అలల చప్పుడు వినిపించింది.

అప్పుడు మడచెట్లలోంచి రాతిపేట ఆడవాళ్ళు వచ్చారు. ముందు పోలమ్మ. చేతిలో చెంబుంది. వంగి సముద్రం నీళ్ళు ముంచి తెచ్చి, ఆ తెల్లమీసాలాయన తల దగ్గర కూర్చుని మొహం కడిగింది. కొంగుతో చెవి తుడిచింది. మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ తుడిచింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆడవాళ్ళంతా ఒక్కొక్కరి దగ్గర కూర్చున్నారు. గ్యాలరీలో ముక్కులు ఎగబీల్చడం వినిపించింది. నాకూ కళ్ళు మసకబారి వైరు కనిపించలేదు.

పెద్దసారు సుధాంశుగారి వైపు వంగారు. "ఇది కార్యక్రమంలో ఉందా?"

సుధాంశుగారికి ఆలోచించే వ్యవధి లేదు. "కొత్తగా చేర్చామండీ."

పోలమ్మ లేచి రాయి దగ్గరికి నడిచింది. రాజులు తాడు కోశాడు. టార్పాలిన్ జారిపోయింది. ఆమెకు చదువు రాదు. రాతి మీద చెయ్యి వేసి, తండ్రి పేరుతో మొదలుపెట్టి పదిహేడు పేర్లూ నోటితోనే చెప్పింది. తర్వాత గ్యాలరీ ముందుకొచ్చి పెద్దసారు ఎదట నిలబడింది.

"ఈలు సచ్చిపోనారు బాబూ. పారిపోనేదు."

పెద్దసారు జేబురుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గ్యాలరీ అంతా లేచి చప్పట్లు కొట్టింది.

"ఎంత సహజంగా ఉందయ్యా" అన్నారు. "ఎవరీ కళాకారిణి? ఏ సంస్థ నుంచి తెచ్చారు?"

పోలమ్మకు అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పింది. "మా అయ్య బాబూ. గురువులు."

"చూడండి, ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు" అన్నారు పెద్దసారు కామేశంగారితో. కామేశంగారు ఏకీభవించారు.

వారం తిరిగేలోగా నాలుగో సమావేశం జరిగింది. కొత్త ముగింపును భావోద్వేగ ముగింపుగా ఆమోదించారు. విజయోత్సవం రోజు క్యాంటీన్‌లో టీ, టిష్యూ కాగితాలు విపరీతంగా అమ్ముడయ్యాయట. రాతిపేటవాళ్ళందరినీ విభాగం కళాకారులుగా గుర్తించారు. కళాకారులకు వసతి కల్పించడం విభాగం బాధ్యత కాబట్టి ఇళ్ళు ఖాళీ చేయించనక్కర్లేదు. రాయి కూడా ఉండవచ్చు, ప్రదర్శన సామగ్రి కింద. అయితే యుద్ధం మనమే గెలిచామన్నది పాత తీర్మానం, దాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. ఆ లెక్కన ఈ చావులు చరిత్ర కావు. చూసేవాళ్ళు పొరబడకుండా రాతి పక్కన ఒక బోర్డు పెట్టాలని కామేశంగారు సూచించారు. సుధాంశుగారికి ప్రతిభా పురస్కారం వచ్చింది.

బోర్డు పెట్టిన రోజు పోలమ్మ నన్ను పిలిచింది. "ఏటి రాసినారు జోగులూ? సదువు."

విభాగం ముద్ర కింద తెల్లని అక్షరాలతో పెద్దగా రాసుంది. చదివాను. "ఇక్కడ చూపబడినదంతా కేవలం కల్పితం. జీవించి ఉన్నవారితో గానీ, మరణించినవారితో గానీ దీనికి ఎట్టి సంబంధమూ లేదు."

రాజులు పళ్ళు కొరికాడు. పోలమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆమె కొంగు సర్దుకుని, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"సచ్చిపోనోలితో సమ్మందం నేదు."

"లేదనే రాశారు మామ్మా."

"బతికున్నోలితోటీ నేదు."

"లేదు."

"మాట మంచిదేరా. సోటే మారిపోనాది" అంది. "ఇది ఆల ఆపీసు గుమ్మానికి కట్టవలసింది."

రాజులు నా వైపు చూశాడు. పట్టపగలే నలుగురు కలిసి ఆ బోర్డు పెకలించి భుజాన వేసుకుని ఊళ్ళోంచి మోసుకెళ్ళారు. విభాగం ముద్ర ఉండడం చూసి ఆఫీసు వాచ్‌మన్ తానే నిచ్చెన తెచ్చి పట్టుకున్నాడు. గేటు మీద విభాగం పేరుకి సరిగ్గా కింద బిగించారు. సుధాంశుగారు భోజనం చేసి వచ్చి, జీపు దిగి, దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. ఎవరు పెట్టించారని అడిగారు. ముద్ర మనదే సార్ అన్నాడు వాచ్‌మన్.

తీసెయ్యాలంటే తీర్మానం కావాలి. తీర్మానానికి కారణం రాయాలి. ఆ బోర్డులో ఉన్నది ఈ కార్యాలయం విషయంలో నిజం కాదని రుజువు చేసే బాధ్యత కామేశంగారికి అప్పగించారు. ఆయన ఇప్పటికి రెండుసార్లు విమానంలో వచ్చి పరిశీలించి వెళ్ళారు. ఇంకా ఆధారాలు దొరకలేదట.